పారాక్వాట్ ఒంట్లోకి వెళ్లిన మనిషికి ఆక్సిజన్ పెట్టడానికి వైద్యులు ఎందుకు వెనకాడతారు?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి

పోయిన వానాకాలం మా పెదనాన్న పత్తి చేలో గడ్డి మందు కొట్టి, మిగిలిన మందును ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పోసి కొట్టంలో పెట్టారు. రెండు రోజుల తర్వాత చీకట్లో అదే సీసాను నీళ్ల సీసా అనుకుని ఎత్తారు. తేడా తెలిసి ఉమ్మేసేలోపే కొంత లోపలికి పోయింది. ఆ మందు పారాక్వాట్. ఆసుపత్రిలో మొదటి మూడు రోజులు నోరంతా పుండ్లు పడటం తప్ప మనిషి బాగానే మాట్లాడారు. ఐదో రోజు ఆయాసం మొదలైంది. వేలికి తగిలించే మీటరులో అంకె తగ్గుతున్నా వైద్యులు వెంటనే ఆక్సిజన్ పెట్టలేదు, ఇప్పుడే పెడితే పరిస్థితి ఇంకా చెడుతుందని అన్నారు. పన్నెండో రోజున ఆయన చనిపోయారు. ఆక్సిజన్ పెట్టకపోవడం వల్లనే పోయారని మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటున్నారు. ప్రాణవాయువు అని మనం పిలుచుకునే వాయువు ఒక మనిషికి విషంగా ఎలా మారుతుంది? మా పాఠ్యపుస్తకంలో చర్యాశీల ఆక్సిజన్ జాతుల గురించి ఒక పేరా ఉంది కానీ, అందులో వాటి పేర్లే తప్ప అవి పుట్టే తీరు లేదు.

జవాబు: రసాయనశాస్త్ర అధ్యాపకురాలు

మీ పెదనాన్న గారి సంగతి చదివి చాలా బాధ కలిగింది. చికిత్స గురించి వైద్యులే చెప్పాలి, నేను రసాయనశాస్త్రం వరకు చెబుతాను.

కట్టెలను, నూనెను కాల్చగలిగిన ఆక్సిజన్ మన చర్మాన్ని, కండరాన్ని ఎందుకు కాల్చడం లేదన్న ప్రశ్న దగ్గర మొదలుపెడదాం. శక్తి లెక్కల ప్రకారం ఆ చర్య జరగవలసిందే. అడ్డుపడుతున్నవి ఆక్సిజన్ అణువులో జంట కట్టకుండా రెండు వేరు వేరు ఆర్బిటాళ్లలో, ఒకే దిశ స్పిన్‌తో ఉన్న రెండు ఎలక్ట్రాన్లు. ద్రవ ఆక్సిజన్ అయస్కాంతానికి అతుక్కునేది కూడా వీటి వల్లనే. మన ఒంటిలోని కర్బన పదార్థాలలో ఎలక్ట్రాన్లు ఎదురెదురు స్పిన్‌లతో జంటలుగా ఉంటాయి కాబట్టి, ఆక్సిజన్ ఒక జంటను అమాంతం లాక్కోలేదు, ఒక్కో ఎలక్ట్రానును విడిగా తీసుకోవాలి. అలా విడిగా ఇచ్చేవారు మామూలుగా దొరకరు. అందుకే గాలిలో నిక్షేపంగా బతుకుతున్నాం.

విడిగా ఇచ్చేవారు దొరికితే కథ మారుతుంది. ఒక ఎలక్ట్రాన్ చేరితే ఆక్సిజన్ సూపరాక్సైడ్ అవుతుంది. రెండోది, దానితోపాటు రెండు ప్రోటాన్లు చేరితే హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. మూడోది చేరేసరికి అణువు రెండుగా విరిగి, ఒక ముక్క హైడ్రాక్సైడ్ అయానుగా, మరో ముక్క హైడ్రాక్సిల్ రాడికల్‌గా విడిపోతాయి. నాలుగోది చేరితే అంతా నీరే. మైటోకాండ్రియాలోని చివరి ఎంజైమ్ అయిన సైటోక్రోమ్ ఆక్సిడేజ్ నాలుగు ఎలక్ట్రాన్లూ అందేదాకా ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి మధ్యలోని ఈ రూపాలు (మీ పుస్తకంలోని చర్యాశీల ఆక్సిజన్ జాతులు ఇవే) బయటపడవు. అయితే అంతకు ముందున్న మెట్ల దగ్గర కొద్దికొద్దిగా ఎలక్ట్రాన్లు కారిపోతూనే ఉంటాయి.

ఇక పారాక్వాట్. ప్రయోగశాలలో దీన్నే మిథైల్ వయొలజెన్ అంటాం. రంగులేని దీని ద్రావణంలో సోడియం డైథయొనైట్ వేస్తే, ఒక్కో పారాక్వాట్ అయాను ఒక్కో ఎలక్ట్రాన్ తీసుకుని ద్రావణం ముదురు నీలంగా మారుతుంది. మూత తీసి గాలి తగిలేలా కుదిపితే ఆ నీలం మాయమవుతుంది, ఎందుకంటే ఆ ఎలక్ట్రానును ఆక్సిజన్ తీసేసుకుని సూపరాక్సైడ్ అయింది. పారాక్వాట్ మాత్రం మొదటి రూపానికి తిరిగి వచ్చి, మరో ఎలక్ట్రాన్ కోసం సిద్ధంగా ఉంటుంది. కణంలో జరిగేది కూడా ఇదే చక్రం. అక్కడ డైథయొనైట్ బదులు, కణంలో ఎలక్ట్రాన్లను మోసే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు నుంచి కొన్ని ఎంజైముల ద్వారా ఎలక్ట్రాన్లు వస్తాయి. విషం ఖర్చు కాదు, ఖర్చయ్యేవి ఎన్‌ఏడీపీహెచ్, ఆక్సిజన్. కణం తనను తాను మరమ్మతు చేసుకోవడానికి కావలసింది కూడా ఆ ఎన్‌ఏడీపీహెచ్ కావడం ఇందులోని దారుణం.

జవాబు: వ్యవసాయ పరిశోధనలో పనిచేస్తున్నవారు

కలుపు చచ్చేది కూడా ఇదే దారిలో. హరితరేణువులో కాంతి వ్యవస్థ 1 నుంచి బయలుదేరే ఎలక్ట్రాన్లను పారాక్వాట్ దారి మళ్లించి ఆక్సిజన్‌కు అందిస్తుంది. అందుకే ఎండలో కొట్టిన చేను కొన్ని గంటల్లోనే వాడిపోతుంది, చీకట్లో ఆ వేగం ఉండదు. బురద నీళ్లు కలిపితే ఈ మందు పనిచేయదని రైతులకు తెలుసు, ఎందుకంటే ధనావేశమున్న ఈ అయాను బంకమట్టి రేణువులకు గట్టిగా అతుక్కుపోతుంది. పుట్టిన సూపరాక్సైడ్ నేరుగా కణపొరల్లోని కొవ్వును తినేయడం వల్ల ఆకు మాడుతుంది.

జవాబు: రసాయనశాస్త్ర అధ్యాపకురాలు

పై జవాబులో చివరి వాక్యాన్ని సరిదిద్దాలి. సూపరాక్సైడ్‌కు అంత బలం లేదు, అది కొవ్వును నేరుగా ఆక్సీకరించడం అరుదు. అది ఇనుము-గంధకం గుచ్ఛాలున్న ఎంజైములను చెడగొట్టి అందులోని ఇనుమును విడిపిస్తుంది. రెండు సూపరాక్సైడ్‌లు కలిసి హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతాయి. ఇనుము, పెరాక్సైడ్ కలిస్తే ఏమవుతుందో 1894లో ఫెంటన్ టార్టారిక్ ఆమ్లంతో చేసిన ప్రయోగాలలోనే కనబడింది. ఆ చర్యలో పుట్టేది హైడ్రాక్సిల్ రాడికల్ అన్న వివరణ 1930ల్లో హేబర్, వైస్ ఇచ్చారు. కొవ్వును, ప్రోటీన్‌ను, డీఎన్ఏను కొరికేది ఇదే. దీని ఆయుష్షు సెకనులో వందకోట్లవ వంతు మాత్రమే కాబట్టి పుట్టిన చోటనే, ఎదురుపడిన మొదటి అణువుతోనే చర్య జరుపుతుంది. జీవులు ఇంత పైమెట్టు దగ్గరే సూపరాక్సైడ్‌ను అడ్డుకుంటాయని 1969లో తెలిసింది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెకార్డ్, ఫ్రిడొవిచ్ సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమును గుర్తించారు. రాగి ఉన్న ఆ ప్రోటీన్ అంతకు ముందే తెలుసు, దాని పని ఏమిటో తెలియదు. పెరాక్సైడ్‌ను నీరుగా మార్చే కెటలేజ్‌ను మనమందరం చూశాం. గాయం మీద పెరాక్సైడ్ పోస్తే పొంగే నురగ దాని పనే.

జవాబు: వైద్యుడు, అత్యవసర విభాగం

ఊపిరితిత్తులే ఎందుకు దెబ్బతింటాయో చెబుతాను. ఊపిరితిత్తి గాలి గదుల గోడల్లోని కణాలకు పుట్రెసిన్, స్పెర్మిడిన్ వంటి పాలిఎమైన్లను రక్తం నుంచి లోపలికి లాక్కునే వాహకం ఉంటుంది. ఆకారంలో కొంత పోలిక ఉన్నందువల్ల పారాక్వాట్‌ను కూడా అది లాక్కుంటుంది. అందువల్ల రక్తంలో ఉన్నదానికంటే ఊపిరితిత్తిలో విషం ఎక్కువగా పోగవుతుంది. ఆక్సిజన్ అందరికంటే ముందు చేరేది కూడా ఆ గోడలకే. విషం, ఆక్సిజన్ రెండూ దండిగా ఉన్న చోటు ఒంటిలో మరొకటి లేదు. చక్రం తిరిగి తిరిగి కణాలు చచ్చిపోయాక, వాటి స్థానంలో నారలాంటి కణజాలం పెరిగి ఊపిరితిత్తి గట్టిపడుతుంది.

పారాక్వాట్ ఇచ్చిన ఎలుకలను ఎక్కువ ఆక్సిజన్ ఉన్న గాలిలో ఉంచితే అవి త్వరగా చనిపోయాయి. అందుకే రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయే వరకు మేము దాన్ని పెట్టం. పడిపోయాక రోగికి ఊరట కోసం తప్పకుండా పెడతాం. మీ ఇంట్లోవారికి ఒక సంగతి చెప్పండి. ఐదో రోజున ఆయాసం మొదలయ్యేసరికే ఊపిరితిత్తికి జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ప్రాణం నిలిపే అవకాశం ఉన్నది మొదటి గంటల్లోనే, విషం కడుపులో ఉండగా దాన్ని పట్టే ఉత్తేజిత బొగ్గును గానీ, మీరందరూ ముల్తానీ మట్టి అనే మట్టిని గానీ ఆసుపత్రిలో ఇచ్చినప్పుడు. పైన చెప్పిన బంకమట్టి గుణమే ఇక్కడ పనికివస్తుంది. మూత్రంలో డైథయొనైట్ వేసి చూసే పరీక్ష మేమూ చేస్తాం. నీలం ఎంత ముదిరితే విషం అంత ఎక్కువని అర్థం.

ప్రశ్న అడిగిన విద్యార్థి

మరి విటమిన్ సి, ఇ వంటి యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ మోతాదులో ఇచ్చి ఉంటే?

జవాబు: వైద్యుడు, అత్యవసర విభాగం

ఇస్తున్నారు, కానీ వాటివల్ల మరణాలు తగ్గాయని స్థిరపడలేదు. పుట్టిన చోటనే పనిచేసే హైడ్రాక్సిల్ రాడికల్‌ను ఏ విటమిన్ అయినా పరిగెత్తి పట్టుకోలేదు. పైగా ఈ పదార్థాలన్నిటినీ తుడిచిపెట్టాలనుకోవడం కూడా పొరపాటు. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి కావాలనే సూపరాక్సైడ్‌ను తయారు చేస్తాయి. దాన్ని తయారు చేసే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లలకు శిలీంధ్రాల, బ్యాక్టీరియాల ఇన్ఫెక్షన్లు పదే పదే వస్తాయి. ఫిన్‌లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవారిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 1994లో వచ్చినప్పుడు, బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం ఎక్కువగా కనబడింది.

ప్రశ్న అడిగిన విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. చేర్చిన రోజు సాయంత్రం నర్సు గారు ఒక పరీక్ష నాళికను చూసి, రంగు బాగా ముదురుగా వచ్చిందని పక్కనున్నవారితో అనడం నేను విన్నాను. అది నీలమే. అప్పుడు మాకు అర్థం కాలేదు. ఈ ఆదివారం ఊరు వెళ్లి పెద్దమ్మ పక్కన కూర్చుని, ఆ రంగు దగ్గరినుంచి మొదలుపెట్టి చెబుతాను.