‘ముందరికాళ్ళకు బంధం’: బ్రిడ్జిలో ప్రీఎంప్ట్‌కి ఈ మాట సరిపోతుందా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. బ్రిడ్జి పేకాట కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం తెలుగులో చిన్న చిన్న పాఠాలు రాస్తున్నాను. ప్రీఎంప్టివ్ బిడ్ (అవతలివాళ్ళు మాట్లాడుకునే లోపే ఎత్తున బిడ్ చేసి అడ్డుకోవడం) దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. ‘ముందస్తు నిరోధక ప్రకటన’ అని రాసి చూశాను. చదువుతుంటే కలెక్టరుగారి ఉత్తర్వులా ఉంది. ‘ముందరికాళ్ళకు బంధం వేయడం’ అంటే ఎలా ఉంటుంది? అలా అవతలివాళ్ళు బంధం వేశాక, రెండు పొడవైన రంగులు (ముక్కలు ఎక్కువగా ఉన్న రంగులు) చేతిలో ఉన్నవాడు పోటీకి దిగడాన్ని ఏమనాలి? మైకేల్స్, లీపింగ్ మైకేల్స్ లాంటి బిడ్డింగు పద్ధతుల పేర్లను తెలుగు చేయాలా, అలాగే వదిలేయాలా?

ఒక సభ్యుడు:

‘అడ్డుపాట’ అనండి, గొడవ వదిలిపోతుంది. బిడ్డింగుకి మనకు ‘పాట’ అనే మాట ఉండనే ఉంది. చేపల చెరువు పాట, సంత పాట, తాటితోపు పాట. పంచాయతీ నోటీసుల్లో ‘హెచ్చు పాటదారు’ అని ఇప్పటికీ రాస్తారు. పాడటం, పైన పాడటం, పాట తనకే దక్కడం అన్నీ ఉన్నప్పుడు బిడ్ అనే మాట అరువు తెచ్చుకోవడం దేనికి?

ఇంకొకరు:

పాట విషయంలో మీ మాటే నా మాట. కానీ ప్రీఎంప్ట్ అంటే ఏమిటో కొత్తవాడికి బోధపడాలంటే ముందరికాళ్ళ బంధాన్ని మించింది లేదు. ఎందుకో ఆటలోంచే చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

బ్రిడ్జి పాటలో మెట్లు మొత్తం 35. కళావరు ఒకటితో మొదలై నోట్రంప్ (తురుపు లేని ఆట) ఏడుతో ఆగిపోతుంది. ప్రతి అంకెలోనూ కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు, నోట్రంప్ ఇదే వరసలో పైకి పోతాయి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు భాగస్వాములు ఒకరి చేతి సంగతి ఒకరికి చెప్పుకోవాలంటే ఈ 35 మెట్లు, వాటికి తోడు పాస్, డబుల్, రీడబుల్. మొత్తం 38 మాటల భాష అది. కనుసైగలు, దగ్గులు పనికిరావు. పైగా మీ పాటకి అర్థం ఏమిటని అవతలివాళ్ళు అడిగితే దాచకుండా చెప్పి తీరాలి.

ఇప్పుడు మీ కుడిచేతి పక్కనున్నాయన చేతిలో ఏడు ఆఠీన్లు తప్ప చెప్పుకోదగ్గ ముక్క లేదనుకోండి. నోరు తెరుస్తూనే ‘మూడు ఆఠీను’ అంటాడు. అది 13వ మెట్టు. ఒకే ఒక్క మాటతో 13 మెట్లు మింగేశాడు, మీకు మిగిలినవి 22. పాట తనకే ఉండిపోయి, పాడినదానికన్నా రెండు మూడు ట్రిక్కులు (పట్లు) తగ్గినా ఆయనకు బెంగ లేదు. మీ ఇద్దరికీ రావలసిన గేమ్ (ఎక్కువ పాయింట్లు తెచ్చే పెద్ద పాట) ఖరీదు కన్నా ఆ జరిమానా తక్కువే. బాగా ఆడి గెలుద్దామని కాదు, మిమ్మల్ని మాట్లాడుకోనివ్వకూడదని పాడిన పాట అది. అడ్డుపాట అంటే అడ్డం పడటం వరకే తెలుస్తుంది. ‘వీళ్ళు ఇంకా కదలకముందే’ అన్న సంగతి బంధంలో ఉంది.

అసలు బంధం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. మేతకు వదిలిన గాడిద ముందరికాళ్ళు రెండూ దగ్గరగా చేర్చి తాడు కడతారు. అది అడుగు తీసి అడుగు వేయలేదు. కదలాలంటే రెండు కాళ్ళూ ఒకేసారి ఎత్తి గెంతాలి. మూడు ఆఠీను మీద పాడాల్సినవాడి గతీ అంతే. నెమ్మదిగా ఒకటి, రెండు అంటూ చేతిలో ఉన్నదాన్ని విడతలవారీగా చెప్పుకునే వీలు లేదు. చెప్పేదంతా ఒక్క గెంతులో చెప్పేయాలి.

రెండు రంగుల చేయికి ఈ బాధ ఎక్కువ. ఒకే పొడవైన రంగు ఉన్నవాడు దాన్ని పాడేసి ఊరుకుంటాడు. మిగతా మూడు రంగులూ సమానంగా ఉన్నవాడు డబుల్ అంటాడు, ‘నీకు ఏది బాగుంటే అది పాడు’ అని దానర్థం. రెండు రంగులవాడు ఎటూ కాకుండా పోతాడు. ఈ చేయి చూడండి:

ఇస్పేటు: ఆసు, రాణి, జాకీ, 8, 4
ఆఠీను: 6
డైమను: ఆసు, రాజు, జాకీ, 10, 7
కళావరు: 5, 2

ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కేస్తే 15 పాయింట్లు. మూడు ఇస్పేటు పాడితే డైమన్ల సంగతి భాగస్వామికి ఎప్పటికీ తెలియదు. డబుల్ అంటే ఆయన కళావర్లు ఎత్తుకుంటాడు, మీ దగ్గర ఉన్నవి రెండు బోడి ముక్కలు. అప్పుడు నాలుగు డైమను అన్నా డైమన్ల మాట తెలుస్తుంది గానీ ఐదు ఇస్పేట్లున్నాయని ఆయనకెలా తెలుస్తుంది?

అందుకే చాలామంది ఆటగాళ్ళు ముందే ఒక ఒప్పందం చేసుకుంటారు. మూడు ఆఠీను మీద నాలుగు డైమను పాడితే డైమన్లు, ఇస్పేట్లు రెండూ ఐదేసి ఉన్నాయని, చేయి గట్టిదని. నాలుగు కళావరు పాడితే కళావర్లు, ఇస్పేట్లు. వాళ్ళు మూడు ఇస్పేటు అంటే నాలుగు డైమనుకి డైమన్లు, ఆఠీన్లు. అంటే పాడిన చిన్న రంగు (కళావరు లేదా డైమను) ఒకటి, వాళ్ళు పాడకుండా మిగిల్చిన పెద్ద రంగు (ఆఠీను లేదా ఇస్పేటు) రెండోది. భాగస్వామి దీన్ని అక్కడే ఆపేయకూడదన్నది కూడా ఒప్పందంలో భాగంగానే పెట్టుకుంటారు ఎక్కువమంది.

ఎదురుగా ఉన్న భాగస్వామి దగ్గర ఇస్పేటు రాజు, 7, 3. డైమను రాణి, 4. మిగతావన్నీ చిల్లర ముక్కలు, అందులో ఆఠీన్లు నాలుగు. మొత్తం 5 పాయింట్లు. మీరు మూడు ఇస్పేటు అని ఊరుకుంటే ఆయనా పాస్ అంటాడు, ఎవరైనా అంటారు. నాలుగు డైమను వింటే మాత్రం ఆ రాజు, ఆ రాణి ఒక్కసారిగా బంగారమైపోతాయి. ధైర్యంగా నాలుగు ఇస్పేటు పాడేస్తాడు. అవతలి ఇస్పేట్లు 3–2గా చీలి, డైమన్లు మరీ అడ్డం తిరగకపోతే ఐదు ఇస్పేట్లు, ఐదు డైమన్లు, నాలుగు ఇస్పేటుకి కావలసిన 10 ట్రిక్కులు లెక్కకు సరిగ్గా సరి. పోయేవి ఒక ఆఠీను, రెండు కళావర్లు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆఠీన్లు మీ దగ్గర ఒకటి, ఆయన దగ్గర నాలుగు, కుడిపక్కాయన దగ్గర ఏడు. కాబట్టి ఎడమపక్కాయనకి ఒక్కటే. రెండో ఆఠీను వచ్చినప్పుడు ఎనిమిదితో తురుపు కొడితే ఆయన తొమ్మిదో పదో వేసి పైనుంచి కొట్టేస్తాడు. జాకీతో కొట్టాలి.

ఇక పేర్ల సంగతి. మైకేల్స్ మనిషి పేరు. మైక్ మైకేల్స్ అనే అమెరికన్ ఆటగాడిది ఈ ఊహ. అవతలివాడు ఒకటి ఆఠీను అంటే మీరు రెండు ఆఠీను అని, మీ దగ్గర ఇస్పేట్లూ ఒక చిన్న రంగూ ఉన్నాయని చెప్పడం. అక్కడ చేయి మరీ గట్టిగా ఉండనక్కర్లేదు. ప్రీఎంప్ట్ మీదకి వచ్చేసరికి కథ మారుతుంది. బంధానికి ఎదురుబంధం వేయరు, బలం లేనివాడు నోరు మూసుకుని పాస్ అనాలి. వాళ్ళు ఆరు ముక్కలతో రెండు ఆఠీను అన్నప్పుడు మీరు మూడు డైమను వదిలేసి నాలుగు డైమనుకి ఎగిరితే అది లీపింగ్ మైకేల్స్. మూడు ఆఠీను మీద అదే నాలుగు డైమను గెంతు కాదు, డైమన్లలో దొరికే మొదటి మెట్టే అది. అందుకని దాన్ని నాన్ లీపింగ్ మైకేల్స్ అంటారు. తెలుగు చేస్తే ‘గెంతని మైకేల్స్’ అవుతుంది. నవ్వుకోవడానికి బాగుంటుంది, పాఠంలో వద్దు. పేర్లు పేర్లుగానే ఉంచండి, అర్థం తెలుగులో చెప్పండి.

మరొకరు:

‘రెండు రంగుల చేయి’ అంటే కొత్తవాళ్ళు ఎరుపు, నలుపు అనుకోరా? పైగా ఇస్పేటు, కళావరు రెండూ నలుపే.

పైన రాసినవారు:

పేకముక్కలు పట్టుకున్న చేయి అలా అనుకోదండీ. తురుపు రంగు ఏది, ఏ రంగు వేశావు అని అడిగితే ఎరుపు అని జవాబిచ్చినవాణ్ణి నేనెక్కడా చూడలేదు. రంగంటే ఆ నాలుగే. మొదటిసారి రాసినప్పుడు ‘ఇస్పేటు, డైమను అనే రెండు రంగులు’ అని ఒక్క వాక్యం కలపండి, చాలు.

ఆ పేర్లు చాలా పాతవి, బ్రిడ్జి కన్నా ముందే మన నోళ్ళలో నానినవి. కాంట్రాక్ట్ బ్రిడ్జి నియమాలను హెరాల్డ్ వాండర్‌బిల్ట్ 1925లో ఓడ ప్రయాణంలో కూర్చాడు. డచ్చివాళ్ళేమో 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో వర్తకానికి దిగారు. వాళ్ళ భాషలో కళావరుని క్లావర్ అంటారు, ఆఠీనుని హార్టెన్ అంటారు, తురుపుని త్రూఫ్ అంటారు. పోలిక మీకే వినబడుతోంది కదా. తమిళులూ మలయాళీలూ కూడా క్లావర్ అనే అంటారు. ఇంత చరిత్ర ఉన్న మాటలు ఇంట్లో పెట్టుకుని ‘క్లబ్స్, హార్ట్స్’ అని పాఠం రాయకండి, అది మాత్రం నా మనవి.

ఇంకో మాట. మన పత్రికల్లో పేకాట అంటే ‘శిబిరంపై పోలీసుల దాడి’ అనే వార్తే. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ పురుషుల జోడీ బ్రిడ్జిలో స్వర్ణం తెచ్చారు. అయినా మన ఇళ్ళలో ముక్కలు పట్టుకున్నవాడి వైపు చూసే చూపు పెద్దగా మారలేదు. తెలుగులో బ్రిడ్జి పాఠాలు రాసేవారుంటే ఆ చూపైనా మారుతుందేమో.

అడిగినవారు:

చాలా ధన్యవాదాలు మాస్టారూ. వాక్యంలో బంధం, నామవాచకం కావలసిన చోట అడ్డుపాట, రెండూ వాడుకుంటాను. ఒక్క సందేహం మిగిలింది. వాళ్ళు ఏకంగా నాలుగు ఇస్పేటు అంటే? అప్పుడు నాలుగు డైమను పాడే వీలే లేదుగా.

పైన రాసినవారు:

లేదు. అది 19వ మెట్టు, దానిపైన నాలుగో అంకెలో మిగిలింది ఒక్క నోట్రంప్. అందుకే నాలుగు నోట్రంప్‌ని అక్కడ ఆసుల లెక్క అడగడానికి వాడరు, ‘నా దగ్గర రెండు రంగులున్నాయి, నువ్వు ఒకటి ఎంచుకో’ అని చెప్పడానికి వాడతారు. భాగస్వామి తనకు నచ్చినవాటిలో కింది రంగు నుంచి మొదలుపెడతాడు. ఆయన ఐదు కళావరు అన్నాక మీ దగ్గర కళావర్లు లేకపోతే ఐదు డైమను అనండి. అప్పుడు మీవి డైమన్లు, ఆఠీన్లు అని ఆయనకే అర్థమవుతుంది. నోట్రంప్‌ని ఇలా రెండు రంగులకి గుర్తుగా వాడే పద్ధతికి మూలపురుషుడు ఆల్విన్ రాత్. ఆయనది మొదట రెండు చిన్న రంగుల కోసమే. మూడు ఆఠీను, మూడు ఇస్పేటుల మీద నాలుగు నోట్రంప్‌కి ఇప్పటికీ చాలామంది ఆ అర్థమే చెబుతారు, అంటే కళావర్లు, డైమన్లు.

ఒకటి గుర్తుంచుకోండి. ఈ ఏర్పాటుకి ఖర్చు ఉంది. మూడు ఆఠీను మీద ఏడు డైమన్లే ఉన్నవాడు ఇక నాలుగు డైమను అని మామూలుగా పాడలేడు. పాడితే ఎదుటాయన నాలుగు ఇస్పేటు అంటాడు. 5-5-2-1 చేయి వందకి మూడుసార్లే వస్తుంది. దాని కోసం ఈ పాటను వదులుకోవాలా అని మొదట్లో అందరూ గొణుగుతారు. ఒక్క పెద్ద రంగు గేమ్ చేతికొచ్చాక ఆ గొణుగుడు ఆగిపోతుంది. పాఠంలో ఈ ఖర్చు గురించి కూడా రాయండి.