మొదటి 4 అక్షరాలు కోస్తే గుంటూరు "గుంట" అవుతోంది, కృష్ణలంక "కృష్" అవుతోంది

కృష్ణలంక_కోడర్
షాపు బిల్లు ప్రోగ్రామ్, పైథాన్ 3. ఏరియా పేరుకి జాగా తక్కువ కాబట్టి మొదటి 4 అక్షరాలు చాలనుకుని ఊరు[:4] పెట్టాను. వస్తున్నవి ఇవీ:

విజయవాడ → విజయ
మంగళగిరి → మంగళ
గుంటూరు → గుంట
కృష్ణలంక → కృష్

ఒకచోట మూడు, ఒకచోట రెండు, ఒకచోట ఒకటిన్నర. పొడవు అడిగితే విజయవాడకీ 7, గుంటూరుకీ 7 అంటోంది. దేన్ని లెక్కపెడుతోంది ఇది?

బ్రాడీపేట_బైట్
కోడ్‌పాయింట్లని. యూనికోడ్ అనే ప్రమాణం లిపుల్లోని ఒక్కో గుర్తుకీ ఒక నంబరిస్తుంది, ఆ నంబరున్న ముక్కే కోడ్‌పాయింటు. మనం ఒక అక్షరం అనుకునేది దానికి రెండో మూడో ముక్కలు. కృష్ణలంకలో ఒక్కో ముక్కనీ ఆర్డ్ ఫంక్షన్‌కి ఇచ్చి దాని నంబరు చూడండి: క 3093, వట్రసుడి 3139, ష 3127, పొల్లు 3149, ణ 3107, ల 3122, సున్నా 3074, మళ్ళీ క 3093. మొత్తం 8. మీ కత్తి సరిగ్గా పొల్లు తర్వాత పడింది.

అసలు మెలిక వత్తుల్లో ఉంది. యూనికోడ్‌లో ణ-వత్తుకి విడిగా కోడ్ లేదు. పొల్లు పక్కన హల్లు వస్తే దాన్ని వత్తుగా గీసేది ఫాంటు. ఆ రెంటి మధ్య కోస్తే వత్తు పోయి పొల్లు మిగులుతుంది. ఎర్రర్ రాదు, అదే ప్రమాదం.

తిరగేసినా ఇదే గొడవ. విజయవాడని [::-1]తో తిప్పితే "డావయజివ" వస్తుంది, రావలసింది "డవాయజవి". గుంటూరుని తిప్పితే మొదట్లోనే ఒంటరి కొమ్ము, చుక్కల వలయంతో కనపడుతుంది.

బీసెంట్_రోడ్డు
పైథాన్ కనీసం కోడ్‌పాయింటు దగ్గర ఆగింది. పీహెచ్‌పీలో మామూలు సబ్‌స్టర్ (స్ట్రింగ్‌ని కోసే ఫంక్షన్) బైట్లు లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో (యూనికోడ్ ముక్కల్ని బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు ముక్క ఒక్కోటీ 3 బైట్లు కాబట్టి 4 బైట్లు కోస్తే ఒక ముక్క పూర్తిగా, రెండోదాంట్లో మూడో వంతు వస్తాయి. నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం కనపడేది అందుకే. అక్కడ ఎంబీ_సబ్‌స్టర్ వాడాలి. గో భాషలో లెన్ ఇచ్చేదీ బైట్లే, రూన్ (కోడ్‌పాయింటు) స్లైస్‌గా మార్చాకే కోయాలి. రస్ట్‌లో ఒక ముక్క బైట్ల మధ్య కోస్తే ప్రోగ్రామ్ అక్కడికక్కడే పానిక్ అయి ఆగిపోతుంది. నన్నడిగితే అదే నయం, తప్పు దాక్కోదు.

జావా, జావాస్క్రిప్ట్ యూటీఎఫ్-16 యూనిట్లు (2 బైట్ల ముక్కలు) లెక్కపెడతాయి. తెలుగు వరకు పైథాన్ లెక్కే వస్తుంది, ఎమోజీ చాలావరకు 2 అవుతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్-8 కాలమ్‌లో ఉన్న కృష్ణలంకకి లెంగ్త్ 24 ఇస్తుంది, క్యార్_లెంగ్త్ 8 ఇస్తుంది. పైగా అక్కడ స్థానం 1తో మొదలు. సబ్‌స్ట్రింగ్‌కి 0 ఇస్తే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది, చప్పుడు చేయదు.

కృష్ణలంక_కోడర్
అర్థమైందండీ. మరి మన అక్షరాల లెక్కన కోయడం ఎలా?

మిర్చియార్డ్_522
రెండు దారులు. మొదటిది, పైథాన్‌తో వచ్చే ఆర్‌ఈ కాకుండా విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే రెజెక్స్ మాడ్యూల్‌లో గ్రాఫీమ్ (చూపుకి ఒక అక్షరం) ప్యాటర్న్ ఉంది. జావాస్క్రిప్ట్‌లో ఇంట్ల్ సెగ్మెంటర్ ఆ పని చేస్తుంది. కానీ వెర్షన్ చూసుకోండి. యూనికోడ్ 15.1 (2023)కి ముందున్న నియమం పొల్లు తర్వాత విడగొడుతుంది: కృ, ష్, ణ, లం, క, అంటే 5. 15.1 నుంచి తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరం ఒకటిగానే ఉంటుంది: కృ, ష్ణ, లం, క, అంటే 4. సర్వర్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి ఉంటే రెండు చోట్లా రెండు రకాల కోతలు.

రెండోది, సొంతంగా రాసుకోవడం. ఇరవై లైన్ల పని. ఖాళీ జాబితాతో మొదలుపెట్టి ఒక్కో ముక్కనీ చూస్తూ పోండి. కోడ్ 3072–3076, 3134–3149, 3157, 3158, 3170, 3171, 8204, 8205లలో ఏదైనా అయితే ముందు అక్షరానికి అతికించండి. ముక్క హల్లు (3093–3129) అయ్యుండి, దాని ముందు ముక్క 3149 అయితే అప్పుడూ అతికించండి. లేకపోతే కొత్త అక్షరం. ఆ జాబితాని [:4] కోసి జాయిన్ చేయడమే. స్ట్రింగ్ మొదట్లోనే గుర్తు వస్తే అతికించడానికి ముందేమీ ఉండదు, ఆ ఒక్క కేసూ చూసుకోండి. గుంటూరు మూడక్షరాలే కాబట్టి ఇక మొత్తం వస్తుంది.

బ్రాడీపేట_బైట్
8204 ఎందుకో కూడా చెప్పాలి. అరండల్‌పేటలో ల్ తర్వాత కనపడని ముక్క అది. దానితో పొడవు 10, లేకుండా 9. అది లేకపోతే ప వెళ్ళి ల కింద వత్తవుతుంది: అరండల్పేట. ఒక ఫైల్‌లో అది ఉండి ఇంకోదాంట్లో లేకపోతే రెండూ సమానం కావు. పోల్చడానికి తీసేసిన కాపీ ఒకటి వాడండి, అచ్చుకి మాత్రం అసలుదే పంపండి.

ఇంకొకటి మైలవరం. ఐత్వం ఒకే ముక్కగా (3144) ఉండొచ్చు, 3142, 3158 అని రెండుగానూ ఉండొచ్చు. చూపుకి తేడా తెలియదు, పొడవు 6 కాస్తా 7 అవుతుంది. ఫైల్ చదవగానే ఎన్‌ఎఫ్‌సీకి (విడి ముక్కల్ని కలిపి ఉంచే యూనికోడ్ రూపం) నార్మలైజ్ చేస్తే ఒకటవుతుంది.

బ్యారేజీ_గేటు
బిల్లు అన్నారు కాబట్టి జీఎస్‌టీ నంబరు కూడా కోస్తారు. 15 స్థానాలు: మొదటి 2 రాష్ట్రం (మనకి 37), తర్వాతి 10 పాన్. ఎక్సెల్ మిడ్‌లో 3వ స్థానం నుంచి 10 అని ఇవ్వాలి, పైథాన్‌లో [2:12]. రెండో అంకెని పొడవనుకుని [2:10] రాసేస్తారు, 8 వచ్చి ఊరుకుంటుంది.

ఎస్‌టీడీ కోడ్ 0866, 0863లని అంకెగా చదివితే ముందు సున్నా పోతుంది, ఆపై స్థానాలన్నీ ఒకటి జరుగుతాయి. ఫైల్ తెరిచేటప్పుడే టెక్స్ట్‌గా తెరవండి.

బండి నంబరుకి ముందు ఖాళీలూ హైఫన్లూ తీసేయండి. చివరి 4 అంకెలు [-4:], సిరీస్ అక్షరాలు [4:-4]. సిరీస్ ఒక అక్షరమైనా రెండైనా దొరుకుతుంది. 0007ని ఉత్త 7గా కొట్టి ఉంటే మాత్రం దొరకదు.

ఫైండ్‌తో గీత ఎక్కడుందో వెతికి కోసేవాళ్ళకి ఒక మాట: దొరక్కపోతే అది -1 ఇస్తుంది. పైథాన్‌లో -1 అంటే చివరి ముక్క! గీత దొరకని లైన్‌లో [:-1] అయి, పేరు తోక తెగుతుంది. ముందు -1 కాదని చూశాకే కోయండి.

కృష్ణలంక_కోడర్
మిర్చియార్డ్ గారి పద్ధతి పెట్టాను. కృష్ణలంక పూర్తిగా వచ్చింది, విజయవాడ "విజయవా" అయింది. కానీ ప్రింట్‌లో కాలమ్‌లు ఇంకా వంకరే. గుంటూరు తప్ప అన్నీ 4 అక్షరాలే కదా?

మిర్చియార్డ్_522
అక్షరాల సంఖ్య వేరు, వెడల్పు వేరు. తెలుగు ఫాంట్లలో "యా" ఆక్రమించే జాగా "ర"కి సరిపోదు. తెలుగుని థర్మల్ ప్రింటర్‌కి ఎలాగూ బొమ్మగానే పంపుతారు కాబట్టి చుక్కల్లో కొలవండి. 58 మి.మీ. రోల్‌కి మామూలుగా 384 చుక్కలు, 80 మి.మీ.కి 576. ఊరికి 120 చుక్కలనుకుంటే, వెడల్పు 120 దాటినంతసేపూ జాబితా చివర నుంచి ఒక్కో అక్షరం తీస్తూ మళ్ళీ కొలవండి. పిల్లో (పైథాన్‌లో బొమ్మలు గీసే లైబ్రరీ) వాడుతుంటే రాక్మ్ (వత్తుల్ని అమర్చే) లేఅవుట్ ఉందో లేదో ముందు చూడండి. అది లేకపోతే వత్తులు కిందకి దిగవు, కొలతా తప్పుతుంది.

బీసెంట్_రోడ్డు
"విజయవా" అని అచ్చేసేకంటే రెండో లైన్‌లోకి తోసేయండి మాస్టారూ. కాగితం పోయేది మూడు మిల్లీమీటర్లు.