జేబు పిస్టళ్లు: గురి, నమ్మకం, జేబులో పెట్టుకునే పద్ధతి. మీ అనుభవాలు చెప్పండి

తూర్పుగాలి:
అందరికీ నమస్కారం. నా దగ్గర లైసెన్స్ ఉన్న, .380 సైజు తూటాలు వాడే జేబు పిస్టల్ ఉంది. పెద్ద పిస్టల్‌తో నాకు గురి బాగానే కుదురుతుంది. ఇది చేతిలోకి తీసుకుంటే మాత్రం 7 మీటర్ల దూరంలోనే తూటాలు కిందికి, ఎడమ వైపుకి పోతున్నాయి. నాది కుడిచేతి వాటం. దానికి తోడు అప్పుడప్పుడు ఖాళీ కేస్ (కాలిన తూటా గొట్టం) బయటికి పడకుండా స్లైడ్‌లో (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగంలో) నిలువుగా ఇరుక్కుంటోంది. లోపం పిస్టల్‌లో ఉందా, నా చేతిలో ఉందా తేల్చుకునేది ఎలా? దీన్ని జేబులో పెట్టుకుని తిరగడం ఎంతవరకు క్షేమం? ఏళ్ల తరబడి వాడినవాళ్లు చెబితే బాగుంటుంది.

పాతఇనుము:
చిన్న పిస్టల్ అంటే గురి ఉండదని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. బ్యారెల్ పొట్టిదైనంత మాత్రాన తూటా దారి తప్పదు. దాన్ని కదలకుండా బిగించి కాలిస్తే ఆ దూరంలో తూటాలు దగ్గరదగ్గరగానే పడతాయి. తేడా మన చేతిలోకి వచ్చాకే మొదలవుతుంది.

ముందు సైట్ల (గురి చూసే గుర్తుల) సంగతి. పెద్ద పిస్టల్‌లో ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య సుమారు 16 సెంటీమీటర్లు ఉంటుంది. జేబు పిస్టల్‌లో 10 సెంటీమీటర్లు ఉంటే గొప్ప. ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి. 7 మీటర్ల దగ్గర పెద్ద దానితో సుమారు 4 సెంటీమీటర్ల తేడా వస్తుంది, చిన్న దానితో 7 సెంటీమీటర్లు. అదే 15 మీటర్లకి వెళ్తే చిన్న దానితో 15 సెంటీమీటర్లు. పైగా ఆ సైట్లు జేబుకి తగలకూడదని అరగదీసినట్టు చిన్నవిగా చేస్తారు. సీక్యాంప్ .32 అనే జేబు పిస్టల్‌లో అయితే సైట్లే ఉండవు, చేతికందే దూరానికే దాన్ని తయారు చేశారు.

రెండోది ట్రిగ్గర్. రూగర్ ఎల్‌సీపీ లాంటిది ఖాళీగా 270 గ్రాములు మాత్రమే. దాని ట్రిగ్గర్ లాగడానికి కావలసిన బలం దాదాపు 3 కిలోలు. పిస్టల్ బరువుకి పది రెట్లు బలంతో లాగుతూ ముందు సైట్‌ని కదలకుండా ఉంచాలి. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

లక్ష్యరేఖ:
తూర్పుగాలి గారూ, ఇసుక సంచి మీద రెండు చేతులూ ఆనించి, తొందర లేకుండా ఒక మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల డబ్బా) కాల్చి చూడండి. తూటాలన్నీ ఒక చోట గుంపుగా పడితే పిస్టల్ బాగున్నట్టే. ఆ గుంపు మీరు గురిపెట్టిన చోటికి పక్కన పడితే వేరే బ్రాండు, వేరే బరువు తూటా కూడా ప్రయత్నించండి. తూటా బరువు మారితే పడే ఎత్తు మారుతుంది.

కుడిచేతి వాటం వాళ్లకి కిందికి, ఎడమకి పోతోందంటే ఎక్కువసార్లు కారణం ఒకటే. చూపుడు వేలు లాగేటప్పుడు మిగతా వేళ్లు కూడా దానితో పాటు బిగుసుకుంటాయి. చిటికెన వేలికి గ్రిప్ (పిడి) మీద చోటు లేకపోతే ఇది ఇంకా ఎక్కువ. పిడికిలి ముందే గట్టిగా బిగించి, ట్రిగ్గర్ చివరిదాకా ఆ బిగువు మారకుండా చూసుకోండి. ఇంకొక విషయం, గ్రిప్ చిన్నది కాబట్టి వేలు ట్రిగ్గర్‌లోకి లోతుగా దూరిపోతుంది. కొందరికి మొదటి కణుపు దగ్గర పెడితేనే నేరుగా లాగడం కుదురుతుంది, కొందరికి వేలి కొనతో. మీ చేతికి ఏది సరిపోతుందో రేంజ్‌లోనే తేలాలి.

మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య ఒకటి రెండు డమ్మీ తూటాలు కలిపి ఇమ్మని పక్కవాళ్లని అడగండి. ఎక్కడున్నాయో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు పేలుడు ఉండదు కాబట్టి పిస్టల్ ముక్కు కిందికి వంగితే మీకే కనిపిస్తుంది. నేను చూసినంతలో ఇంతకన్నా త్వరగా చేయి సరిచేసే సాధన లేదు.

చిన్నచేయి:
నాకు గురికన్నా ముందు స్లైడ్ లాగడమే సమస్య. ఇంత చిన్న వస్తువు ఇంత గట్టిగా ఉంటుందని కొనేవరకు తెలియదు. స్లైడ్ తేలిక కాబట్టి దాన్ని ఆపడానికి గట్టి స్ప్రింగ్ పెట్టాలి. బ్లోబ్యాక్ రకంలో బ్యారెల్ లాక్ కాదు, కాల్చినప్పుడు వెనక్కి వచ్చే స్లైడ్‌ని దాని బరువూ స్ప్రింగూ మాత్రమే ఆపుతాయి. అందుకే పాతకాలపు .380 వాల్తర్ పీపీకే బరువుగా ఉండి కూడా చేతిలో గట్టిగా తంతుంది. లాక్ అయ్యే బ్యారెల్ ఉన్న కొత్త రకాలు ఆ లెక్కలో నయం.

వేళ్లలో బలం తక్కువ ఉన్నవాళ్లు బెరెటా 21ఏ, 3032 టామ్‌క్యాట్ చూడండి. మీట నొక్కితే బ్యారెల్ వెనక భాగం పైకి లేస్తుంది, తూటా నేరుగా బ్యారెల్‌లో పెట్టి మూసేయవచ్చు. స్లైడ్ లాగే పని లేదు. కానీ దానిలో ఎక్స్‌ట్రాక్టర్ (కేస్‌ని వెనక్కి లాగే కొక్కెం) ఉండదు, కాలిన కేస్ గ్యాస్ ఒత్తిడికే బయటికి వస్తుంది. తూటా పేలకపోతే స్లైడ్ లాగినా అది రాదు, మళ్లీ బ్యారెల్ ఎత్తి తీయాలి. ఇది తెలుసుకుని కొనండి.

ఒకే_మాట:
ఇరుక్కోవడం గురించి. కేస్ నిలువుగా ఇరుక్కుంటే మొదట చేతి మణికట్టు చూడాలి. చిన్న పిస్టల్‌లో స్లైడ్ చాలా కొద్ది దూరం వెనక్కి వెళ్లి చాలా వేగంగా ముందుకు వస్తుంది. మణికట్టు వదులుగా ఉంటే పిస్టల్ మొత్తం వెనక్కి పోతుంది, స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లే బలం మిగలదు. తర్వాత మ్యాగజైన్లు. వాటి మీద పెయింట్‌తో 1, 2 అని గుర్తు పెట్టుకోండి. ఇరుక్కున్న ప్రతిసారీ ఏ మ్యాగజైన్ ఉందో రాసుకుంటే దొంగ దొరుకుతుంది. ఆ తర్వాతే తూటాలు, స్ప్రింగ్, ఎక్స్‌ట్రాక్టర్.

.32 ఏసీపీ వాడేవాళ్లకి ఇంకో మాట. ఆ తూటా 1899 నాటిది, దాని అంచు కేస్‌కన్నా కొంచెం బయటికి ఉంటుంది. పొట్టిగా ఉండే హాలో పాయింట్ (కొన బోలుగా ఉండే) తూటాలు మ్యాగజైన్‌లో ముందుకీ వెనక్కీ జరిగి, పై తూటా అంచు కింది దాని అంచు వెనక్కి పడితే లాక్ అయిపోతుంది. అప్పుడు ఎంత కొట్టినా కదలదు, మ్యాగజైన్ తీసి విడదీయాల్సిందే. పూర్తి పొడవు ఉండే ఫుల్ జాకెట్ (కొనమీద కూడా లోహపు పొర ఉన్న) తూటాలతో ఈ బెడద చాలా తక్కువ.

పొట్టి బ్యారెల్‌లో వేగం తగ్గుతుంది, దాంతో హాలో పాయింట్ తగిలాక విచ్చుకుంటుందన్న భరోసా కూడా తగ్గుతుంది. ఏ తూటా మీ పిస్టల్‌లో ఆగకుండా నడుస్తుందో దానికే నా ఓటు.

తూర్పుగాలి:
సంచి మీద ఆనించి చూశాను. తూటాలు ఒక గుప్పెట్లో పట్టేంత దగ్గరగా పడ్డాయి, అంటే పిస్టల్ బాగుంది. ఇరుక్కోవడం మాత్రం రెండో మ్యాగజైన్‌తోనే జరుగుతోంది. దాన్ని రేంజ్‌కే పరిమితం చేస్తాను. ఇక జేబు సంగతి చెప్పండి.

ఐదు_గదులు:
నేను హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) బయటికి కనిపించని చిన్న రివాల్వర్ మనిషిని. జేబు గుడ్డకి తగులుకోవడానికి ఏమీ ఉండదు. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే చాలు. అలాంటి రివాల్వరే అయిన స్మిత్ అండ్ వెసన్ సెంటెనియల్ 1952లో వచ్చి ఇప్పటికీ నిలిచిందంటే కారణం అదే. పిస్టల్ మూతిని దేనికైనా గట్టిగా ఆనిస్తే స్లైడ్ కొంచెం వెనక్కి జరిగి పేలకపోవచ్చు. రివాల్వర్‌కి ఆ ఇబ్బంది లేదు.

పాతఇనుము:
నిజమే. కానీ ట్రిగ్గర్ ఇంకా బరువు, సిలిండర్ (తూటాలు ఉండే, తిరిగే భాగం) మందం జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. మరీ తేలికైన రివాల్వర్లలో కాల్చే కుదుపుకి మిగిలిన గదుల్లోని తూటాలు కేస్‌లోంచి ముందుకు జారి సిలిండర్ తిరగకుండా అడ్డుపడటం కూడా ఉంది. బరువైన తూటాలు వాడేవాళ్లు ముందే పరీక్షించుకోవాలి.

కవచం:
జేబు గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ప్రాణాలు పోయేది ఇక్కడే.

హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) లేకుండా జేబులో పెట్టకండి. ఎంత చిన్న పిస్టల్ అయినా, ఎంత బరువైన ట్రిగ్గర్ అయినా సరే. హోల్‌స్టర్ ట్రిగ్గర్ గార్డ్‌ని (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని) మొత్తం కప్పాలి, బయటి నుంచి నొక్కినా ట్రిగ్గర్ కదలకూడదు. మెత్తని గుడ్డ సంచులు ఈ పరీక్షలో నిలవవు. పిస్టల్ తీసినప్పుడు హోల్‌స్టర్ జేబులోనే ఉండిపోవాలి. ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు. తాళంచెవి, పెన్ను, చిల్లర ఏదీ వద్దు. ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరగలిగే వస్తువు ఒక్కటి చాలు.

తిరిగి పెట్టేటప్పుడు పిస్టల్‌ని జేబులోకి తోయకండి. హోల్‌స్టర్ బయటికి తీసి, మూతి ఎవరి వైపూ లేకుండా, మీ చేతి వైపూ లేకుండా అందులో పెట్టి, రెండూ కలిపి జేబులో పెట్టుకోండి. పెట్టేటప్పుడు తొందర ఎప్పుడూ ఉండదు.

తీయడం కూడా సాధన చేయాలి, ఖాళీ చేసి రెండుసార్లు చూసుకున్న పిస్టల్‌తో. జేబులో పిడికిలి బిగిస్తే చేయి బయటికి రాదు. బొటనవేలిని స్లైడ్ వెనక ఆనించి తీసి, జేబు దాటాక పట్టు బిగించాలి. కుర్చీలో, కారు సీటులో కూర్చుని కూడా ప్రయత్నించండి. కూర్చుంటే ముందు జేబులోంచి తీయడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

చివరగా, కింద పడితే ఏమవుతుంది అన్నది మీ మోడల్ గురించి కచ్చితంగా తెలుసుకోండి. ట్రిగ్గర్ పూర్తిగా లాగితే తప్ప ఫైరింగ్ పిన్‌ని (తూటాని గుద్ది పేల్చే సూదిని) కదలనివ్వని బ్లాక్ కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. కోల్ట్ 1908 వెస్ట్ పాకెట్ లాంటి పాతవాటిలో స్ట్రైకర్ (ఫైరింగ్ పిన్ పని చేసే భాగం) పూర్తిగా కాక్ అయి, అంటే స్ప్రింగు బిగిసి పేలడానికి సిద్ధంగా ఉంటుంది, అలాంటి బ్లాక్ లేదు. కొత్తవైనంత మాత్రాన నిశ్చింత అనుకోవద్దు. ఎల్‌సీపీ వచ్చిన 2008లోనే, ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా పేలే గదిలో) తూటాతో కింద పడితే పేలే ప్రమాదం ఉందని తొలి పిస్టళ్లను కంపెనీ వెనక్కి పిలిచింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు సీరియల్ నంబర్ కంపెనీని అడిగి చూసుకోండి. పడిపోతుంటే గాలిలో పట్టుకోబోకండి, వేలు ట్రిగ్గర్‌కి తగులుతుంది. పడనివ్వండి.

చిన్నచేయి:
ఛాంబర్‌లో తూటా ఉంచాలా వద్దా? ఉంచితే నాకు టెన్షన్.

కవచం:
బ్లాక్ లేని పాత పిస్టల్ అయితే వద్దు, ఇందులో చర్చ లేదు. ఆధునికమైనది, మంచి హోల్‌స్టర్, పొడవైన బరువైన ట్రిగ్గర్ ఉంటే చాలామంది ఉంచుకుంటారు. ఛాంబర్ ఖాళీగా ఉంచితే, అవసరమైన క్షణంలో రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఆ గట్టి స్లైడ్‌ని పూర్తిగా లాగగలగాలి. మీకు స్లైడ్ కష్టమన్నారు కాబట్టి ఇది ఆలోచించండి. టెన్షన్ ఉన్నంతకాలం ఖాళీగానే ఉంచి, శిక్షకుడి దగ్గర సాధన పెంచుకోండి. మాన్యువల్ సేఫ్టీ (చేత్తో వేసే తాళం మీట) ఉంటే, పిస్టల్ బయటికి తీసే ప్రతిసారీ దాన్ని తీయడం అలవాటు కావాలి.

ఒకే_మాట:
రోజూ రాత్రి తూటా తీసి పొద్దున అదే తూటా మళ్లీ ఛాంబర్‌లోకి పంపేవాళ్లు జాగ్రత్త. ప్రతిసారీ తగిలే దెబ్బకి బుల్లెట్ కేస్‌లోకి కొద్దికొద్దిగా దిగిపోతుంది, లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన పెట్టి పోల్చండి. పొట్టిగా కనిపిస్తే అది ఇక వాడకూడదు. ఇంటికి రాగానే హోల్‌స్టర్‌తో సహా పిస్టల్‌ని లాకర్ పెట్టెలో పెట్టేస్తే ఈ గొడవే ఉండదు, పిల్లల భయం కూడా ఉండదు. పిస్టల్ ఉన్న ప్యాంటు ఎప్పుడూ కొక్కేనికి వేలాడకూడదు.

లక్ష్యరేఖ:
శుభ్రత గురించి ఎవరూ చెప్పలేదు. జేబులో దూది లాంటి నూగు రోజూ చేరుతుంది. మూతిలో, హ్యామర్ పక్కన, మ్యాగజైన్ పై తూటా చుట్టూ చూడండి. నూనె ఎక్కువ రాస్తే ఆ నూగు ముద్దలా అంటుకుంటుంది, పలచగా చాలు. వారానికి ఒకసారి ఖాళీ చేసి పొడి బ్రష్‌తో దులపండి. చెమటకి నల్లపూత ఉన్న ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ కూడా స్ప్రింగులు, పిన్నుల దగ్గర మచ్చలు పడుతుంది. రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ని తిరిగి ముందుకి తోసేది) ఎన్ని రౌండ్లకి మార్చాలో మాన్యువల్‌లో ఉంటుంది. పెద్ద పిస్టల్ స్ప్రింగ్‌కన్నా ఇది చాలా ముందే అలసిపోతుంది, అదనంగా ఒకటి దగ్గర ఉంచుకోండి.