అప్‌డేట్: నాన్న ల్యాప్‌టాప్‌లో పాత వీఎల్‌సీ

మొన్న అడిగాను కదా, నాన్న ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ పాత వెర్షన్ 2.2.4 ఉంది, ఎక్కడెక్కడివో సబ్‌టైటిళ్లు దించుకుని పెడుతుంటారు, ప్రమాదమా అని. మీరు భయపెట్టింది నిజమే. 2017 మేలో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా కంపెనీ వాళ్లు బయటపెట్టిన లోపం అదే: దురుద్దేశంతో తయారుచేసిన సబ్‌టైటిల్ ఫైల్ ప్లేయర్‌లో లోడయితే చాలు, మెషీన్ వేరేవాళ్ల చేతికి పోవచ్చు. కోడి, స్ట్రీమియో, పాప్‌కార్న్ టైమ్ అనే వేరే ప్లేయర్లలోనూ బయటపడింది. నేనేమో వైరస్ అంటే ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్) ఫైళ్లలోనే ఉంటుందనుకునేవాణ్ణి!

హెల్ప్ మెనూలోని అప్‌డేట్ బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పాతది తీసేసి, వీఎల్‌సీని తయారుచేసే వీడియోలాన్ సొంత సైట్ నుంచే 3.0 వరుసలో తాజాది వేశాను. పది నిమిషాల పని. అబౌట్‌లో వెర్షన్ నంబరు చూసుకున్నాకే వదిలాను.

నాన్న మాత్రం, "ఆ నారింజ కోన్ బొమ్మ అలాగే ఉందిగా, ఏం మార్చావురా?" అన్నారు.