అమ్మానాన్నలతో పది రోజులు, ఐదు దేశాలు: కారా, రైలా?

ఇసార్ ఒడ్డున:
అందరికీ నమస్కారం. మేం మ్యూనిక్‌లో ఉంటాం. జూన్‌లో అమ్మానాన్న తెనాలి నుంచి వస్తున్నారు. నాన్నకు 67, అమ్మకు 63. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మేమిద్దరం, ఏడేళ్ళ పాప, మొత్తం ఐదుగురం. నాకు సరిగ్గా పది రోజులు సెలవు దొరికింది. అనుకున్న దారి ఇది: సాల్జ్‌బర్గ్, స్లొవేనియాలో బ్లెడ్ సరస్సు, వెనిస్, మిలాన్ మీదుగా స్విట్జర్లాండ్‌లోని లుసెర్న్, మళ్ళీ ఇల్లు. సొంత కారులో వెళ్దామని నేను, రైల్లో వెళ్దామని మా ఆవిడ. వారం నుంచి ఇంట్లో ఇదే పంచాయితీ. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

డీజిల్ బాబు:
ఇందులో ఆలోచించేదేముంది బ్రో, కారే. అమ్మగారు కాసేపు కాళ్ళు చాపుకుంటానంటే ఆపుకోవచ్చు. పెట్టెలు మోసుకుంటూ ప్లాట్‌ఫారాలు మారే పని లేదు. ఖర్చంటారా, ఆస్ట్రియా విన్యెట్, అదే హైవే పాసు, పది రోజులకు 13 యూరోల లోపే. స్లొవేనియాది వారానికి 16. రెండూ ఫోన్లోనే కొనుక్కోవచ్చు, అద్దానికి స్టిక్కర్ అంటించక్కర్లేదు. స్విస్ వాళ్ళు మాత్రం ఒక్క రోజు వెళ్ళినా ఏడాది పాసే కొనాలంటారు, 40 ఫ్రాంకులు. ఇటలీలో దూరాన్ని బట్టి టోల్ గేటు దగ్గర కట్టడమే. దీనికి డీజిల్ కలుపుకుని, ఐదుగురికి ఆఖరి నిమిషంలో కొనే రైలు టికెట్లతో పోల్చి చూడండి.

మామిడితాండ్ర:
డీజిల్ బాబు గారూ, టవెర్న్, కారవాంకెన్ సొరంగాలను మరిచిపోయారు. సాల్జ్‌బర్గ్ నుంచి బ్లెడ్‌కి హైవే మీద వెళ్తే దారి అదే. విన్యెట్ ఉన్నా వాటికి విడిగా టోల్ కట్టాలి. ఆస్ట్రియా నుంచి ఇటలీకి పోయే బ్రెన్నర్ హైవేకీ అంతే. పోనీండి, నా గొడవ డబ్బు గురించి కాదు.

నేను రెండేళ్ళ కిందట అత్తయ్యగారినీ మామయ్యగారినీ ఇలాగే కారులో తిప్పాను. వెనక సీట్లో ఇద్దరు పెద్దవాళ్ళు, మధ్యలో మా బాబు చైల్డ్ సీటు. ఇసార్ గారూ, ఒక్కసారి మీరు వెనక ఆ కిటికీ పక్కన మూడు గంటలు కూర్చుని చూడండి. మోకాళ్ళ మాట నేను చెప్పక్కర్లేదు, మీకే తెలుస్తుంది. మామయ్యగారైతే దారిలో ఒక్కసారి కూడా ఆపమని నోరు తెరిచి అడగలేదు. మొహమాటం. మాకు రాత్రి కాళ్ళ వాపు చూసేదాకా తెలియలేదు. ‘ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు’ అనేది స్టీరింగ్ పట్టుకున్నవాడి మాట.

రైల్లో అయితే లేచి నడుస్తారు, బాత్‌రూమ్ అక్కడే ఉంటుంది. మ్యూనిక్ నుంచి వెనిస్‌కు నేరుగా రైలుంది, ఏడు గంటల లోపు ప్రయాణం, ఆల్ప్స్ అంతా కిటికీలోంచే కనిపిస్తుంది. పైగా మీరు ఎంత దర్జాగా కారులో వెళ్ళినా వెనిస్‌లోకి కారు రాదు. ఊరి అంచున పార్కింగ్‌లో పెట్టి నడవాల్సిందే. అక్కడి వంతెనల్లో దాదాపు అన్నిటికీ మెట్లు. అమ్మగారికి పడవ బస్సు పాసు ముందే కొని పెట్టండి.

డీజిల్ బాబు:
రైలు మరీ అంత స్వర్గమేమీ కాదండీ మామిడితాండ్ర గారూ. పోయినేడాది గంటన్నర లేటు బండి ఎక్కి, మారాల్సిన రైలు తప్పిపోయి, రాత్రి 11 గంటలకు ఊరుగాని ఊళ్ళో బెంచీ మీద కూర్చున్నాను. ఒక్కడిని కాబట్టి సరిపోయింది. పెద్దవాళ్ళతో అయితే? ఇక బ్లెడ్‌కి రైలు ఊళ్ళోకి రాదు. లెస్‌త్సేలో దిగి మళ్ళీ బస్సెక్కాలి.

పాతకాపు:
మీరిద్దరూ కొట్టుకోండి గానీ, అసలు తప్పు ఆ ఊళ్ళ పట్టికలో ఉంది. ఇసార్ తమ్ముడూ, దూరాలు వేసుకున్నావా? మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్ 145 కిలోమీటర్లు, నల్లేరు మీద నడక. అక్కడి నుంచి బ్లెడ్ రెండొందల చిల్లర, బ్లెడ్ నుంచి వెనిస్ దాదాపు 300. ఇవన్నీ పర్వాలేదు. వెనిస్ నుంచి లుసెర్న్ 500 దాటుతుంది. మధ్యలో గొట్టార్డ్ సొరంగం. 17 కిలోమీటర్లు, వెళ్ళే బండీ వచ్చే బండీ ఒకే గొట్టంలో. వేసవిలో వారాంతం పడిందంటే నోటి దగ్గర కిలోమీటర్ల కొద్దీ క్యూ. ఆ రోజు మీ అమ్మగారు చూసేది ముందున్న లారీ వెనక భాగం.

స్విట్జర్లాండ్ తీసెయ్యి. తీసేస్తే ఆ 500 పోతుంది, తిరుగు ప్రయాణం వెనిస్ నుంచి బ్రెన్నర్ మీదుగా ఒక్క రోజు. అదీ శని ఆదివారాల్లో వద్దు. అక్కడ లుయెగ్ వంతెన పాతదైపోయి 2025 జనవరి నుంచి మామూలు రోజుల్లో చెరో వైపు ఒక్క లేన్ మాత్రమే వదులుతున్నారు.

ఇంకోటి. ఇటలీ ఊళ్ళలో పాత బజారు వీధుల్లోకి బయటి బండ్లు పోకూడదు. జెడ్‌టీఎల్ అంటారు. అడ్డుగా గేటేమీ ఉండదు, ఒక బోర్డు, పైన కెమెరా, అంతే. నేను హోటల్ వెతుక్కుంటూ ఒకే వీధిలోకి మూడు సార్లు వెళ్ళాను. ఆర్నెల్లకు ఇంటికి మూడు కాగితాలు వచ్చాయి. మా ఆవిడ వాటిని ఇప్పటికీ ఫ్రిజ్ మీద అతికించి ఉంచింది.

గుంటూరు కారం:
పాతకాపు అన్నా, దేశాలు లెక్కపెట్టడాన్ని అందరూ తేలిగ్గా తీసిపారేస్తారు, నాకు నచ్చదు. మనం ఇక్కడ ఉంటాం, వచ్చే నెల కూడా స్విట్జర్లాండ్ వెళ్ళగలం. వాళ్ళు వీసా అపాయింట్‌మెంట్ కోసం తిరిగి తిరిగి, జీవితంలో ఒక్కసారి వస్తున్నారు. ‘ఏమేం చూశారు’ అని ఊళ్ళో అందరూ అడుగుతారు. మా నాన్న అయిదేళ్ళయినా ‘నాలుగు దేశాలు’ అనే చెప్తారు. ఆ మాటకి ఒక రోజు కాళ్ళ నొప్పి ఎక్కువేం కాదు.

మామిడితాండ్ర:
కాళ్ళ నొప్పి మీది కాదు కదండీ.

చిట్టి వంకాయ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. వీసా సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఈ ఐదు దేశాలూ షెంగెన్‌లోవే, అంటే ఒకే వీసాతో అన్నీ తిరగొచ్చు, సింగిల్ ఎంట్రీ అయినా ఇబ్బంది లేదు. అలాగని పాస్‌పోర్టులు ఇంట్లో వదలకండి. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీ పెట్టింది. సాల్జ్‌బర్గ్ వైపు నుంచి వస్తుంటే మమ్మల్ని ఆపారు, ఐదు నిమిషాల్లో వదిలేశారు.

ఇంకో మాట, హోటల్ కాదు, వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. మూడో రోజుకి పిజ్జా అంటే మొహం తిప్పేస్తారు. రైస్ కుక్కర్ డిక్కీలో పడేసుకోవచ్చు కాబట్టి నా ఓటు కారుకే. ఆవకాయ తెమ్మనండి గానీ నెయ్యి, పాల కోవాలు మాత్రం వద్దు. పాల సరుకులు యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు, ఎయిర్‌పోర్టులోనే పడేస్తారు.

ఇసార్ ఒడ్డున:
అందరికీ థాంక్స్. మామిడితాండ్ర గారు చెప్పినట్టు నిన్న సాయంత్రం వెనక సీట్లో కూర్చున్నాను, మా ఆవిడ నడిపింది. నలభై నిమిషాలకే దిగిపోయాను. అందుకని చైల్డ్ సీటు కిటికీ పక్కకు మార్చి, నాన్నను ముందు కూర్చోబెడుతున్నాం. వెనక మధ్యలో మా ఆవిడ. తనకేమీ సంతోషంగా లేదు.

స్విట్జర్లాండ్ తీసేశాం. బ్లెడ్‌లో నాలుగు రాత్రులు, ఒకే అపార్ట్‌మెంట్. తర్వాత కారు మెస్ట్రేలో పెట్టి వెనిస్‌కు పది నిమిషాల లోకల్ రైలు, కాబట్టి రైలు కూడా ఎక్కించినట్టే అని మా ఆవిడతో అన్నాను. సమాధానం రాలేదు.

డీజిల్ బాబు:
స్విట్జర్లాండ్ తీసేసే ముందు నాన్నగారిని అడిగారా?

ఇసార్ ఒడ్డున:
ఇవాళ ఫోన్‌లో అడిగాను. ‘వెనిస్ లేకపోయినా ఫర్వాలేదురా, మంచు కొండ ఒక్కటి దగ్గర్నుంచి చూపించు’ అన్నారు. మళ్ళీ మొదటికొచ్చాం.

పాతకాపు:
దానికి స్విట్జర్లాండ్ దాకా ఎందుకు తమ్ముడూ. సాల్జ్‌బర్గ్ నుంచి కిందికి దిగేటప్పుడు టవెర్న్ సొరంగం వదిలేసి గ్రోస్‌గ్లోక్నర్ ఘాట్ రోడ్డు పట్టు. 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు, 1935 నుంచి ఉన్న రోడ్డు. జూన్‌లో తెరిచే ఉంటుంది. టోల్ 40 యూరోలు దాటుతుంది. 2,369 మీటర్ల ఎత్తున వ్యూపాయింట్ దాకా కారు వెళ్తుంది. అమ్మగారు పెద్దగా నడవకుండానే హిమానీనదం చూడొచ్చు. ఎదురుగా ఆస్ట్రియాలో అన్నిటికంటే ఎత్తైన కొండ.

ఇసార్ ఒడ్డున:
నాన్నకు ఫోటో పంపాను, ఎగిరి గంతేశారు. కానీ అన్నా, 36 మలుపులా? అమ్మకు తిరుమల ఘాట్ రోడ్డుకే కళ్ళు తిరుగుతాయి.