అప్‌డేట్: ఉపశీర్షికల పని ప్రేక్షకురాలికి అప్పగించాక

అమ్మ పచ్చళ్ల వీడియోలకు ఇంగ్లీషు ఉపశీర్షికలు రాస్తామని ఇద్దరు ప్రేక్షకులు ముందుకొచ్చారని, దాని వల్ల మా చిన్న ఛానల్‌కు మేలుంటుందా అని రెండు నెలల క్రితం అడిగాను.

ప్రేక్షకులెవరైనా ఉపశీర్షికలు పంపే సదుపాయాన్ని యూట్యూబ్ 2020 సెప్టెంబరు 28న తీసేసిందని మీలో ఒకరు చెప్పారు. ఇప్పుడున్న దారి, యూట్యూబ్ స్టూడియోలోని (ఛానల్‌ను నడిపే పేజీ) అనుమతుల్లో ఒకరిని ఉపశీర్షికల ఎడిటర్‌గా చేర్చడం. ఆదాయం లెక్కలు వారికి కనిపించవు. ఆ భయం తీరాకే ఆ ఇద్దరిలో డాలస్‌లో ఉండే అక్కను చేర్చాను.

గోంగూర పచ్చడిలో అమ్మ "నూనె పైకి తేలేదాకా" అంటుంది. ఆ ఒక్క మాట కోసం అక్క ఫోన్ చేసి, తేలిన నూనె ఏ రంగులో ఉండాలో అమ్మనే అడిగి రాసింది. జాడీ అన్న మాటను ఇంగ్లీషులోకి మార్చకుండా జాడీగానే ఉంచింది. అంత శ్రద్ధ డబ్బిచ్చినా దొరకదు.

వీక్షణలు పెద్దగా పెరగలేదు. కానీ తెలుగు చదవడం రాని ఒక అమ్మాయి, వాళ్ల నానమ్మ చేసే పచ్చడి ఇదేనని ఇప్పుడు అర్థమైందని రాసింది. అమ్మ ఆ వ్యాఖ్యను నాతో రెండుసార్లు చదివించుకుంది.

కలిసి చేసిన వీడియోకు మరో ఛానల్‌ను సహభాగస్వామిగా (కొలాబరేటర్) చేర్చడం గురించీ అప్పుడే అడిగాను. వీడియో మీద రెండు ఛానళ్ల పేర్లూ కనిపిస్తాయి, ఆదాయం మాత్రం వీడియో పెట్టిన ఛానల్‌కే వెళుతుంది. అందుకే ముందే మాట్లాడుకున్నాం: ఆవకాయ వీడియో మా దగ్గర, మాగాయ వాళ్ల దగ్గర.