పాత డ్రయ్యర్‌కి మూడు పిన్నులు, గోడకి నాలుగు రంధ్రాలు

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. బట్టలారబెట్టే సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ డ్రయ్యర్ కొన్నాం. కార్డుకి మూడు పిన్నులే, సాకెట్‌కి నాలుగు రంధ్రాలు. అడాప్టర్ పెడితే చాలదా?

జవాబు: అడాప్టర్ జోలికి పోకండి, కార్డే మార్చేయండి. 30 ఆంప్స్, నాలుగు వైర్లది, 14-30 ప్లగ్ అని అడగండి. ప్లగ్ పీకాకే వెనక మూత తీయండి. తెల్ల వైరు (న్యూట్రల్) మధ్య టెర్మినల్‌కి, అంటే వైరు బిగించే స్క్రూకి, ఎరుపు, నలుపు (ఫేజులు) చెరో పక్కకి (ఎటైనా ఫర్లేదు), పచ్చది (ఎర్త్) బాడీ స్క్రూకి. అసలు మెలిక ఇది: మధ్య టెర్మినల్‌ని బాడీకి కలిపే చిన్న పట్టీ ఉంటుంది, కొన్నింట్లో వైరు. దాన్ని న్యూట్రల్ నుంచి విడదీయాలి. మరిచిపోతే న్యూట్రల్ కరెంటు బాడీలోకి, ఎర్త్ వైర్లోకి కూడా పోతుంది.

మరో జవాబు: స్క్రూలు గట్టిగా బిగించండి, వదులైతే టెర్మినల్ బ్లాక్ కాలిపోతుంది. కార్డు లోపలికి వెళ్లేచోట క్లాంపు లేకపోతే రేకు అంచుకి ఒరుసుకుంటుంది.

ప్రశ్న: బిగించామండీ. డ్రమ్ము తిరుగుతోంది, వేడి మాత్రం రావట్లేదు.

జవాబు: మోటారుకి 120 వోల్టులు చాలు, హీటర్‌కి 240 కావాలి. ఒక ఫేజు అందట్లేదేమో. డబుల్ బ్రేకర్ పూర్తిగా ఆపి మళ్లీ వేయండి. మీటరు సాకెట్‌లో రెండు ఫేజుల మధ్య 240 చూపిస్తే, ఎరుపు, నలుపు బిగింపు మళ్లీ చూడండి. అదీ బాగుంటే హీటర్ కాయిలో, థర్మల్ కటాఫో (మరీ వేడెక్కితే హీటర్‌ని ఆపేది) పోయి ఉండొచ్చు. మీటరు అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.